కుందేళ్లు, దోసపాదులు, కీర్తనలు : విలియం కౌపరు జీవితము

ధ్యానభాగము: 1 రాజులు 19:1-16



ఏలీయా అరణ్యములో ఒక చెట్టు క్రింద కూర్చుండి తనకు చావు రావలెనని కోరుకొనిన సంగతి మనమందరము ఎరుగుదుము. అప్పుడు అతనియొద్దకు వచ్చిన దేవదూత అతనికి ప్రసంగము చేయలేదు, గద్దింపలేదు. నిప్పులమీద కాల్చిన అప్పమును నీళ్లను చూపి, లేచి తినుమని మాత్రమే చెప్పెను. రెండవమారును అట్లే చెప్పెను. తరువాత హోరేబు కొండయొద్ద దేవుడు అతని మొర విన్నప్పుడు, వెళ్లి చేయవలసిన పనిని అతని చేతికిచ్చి పంపెను. ఈ భాగము చదివినప్పుడెల్ల నాకు ఇంగ్లండు దేశపు కీర్తనకారుడు విలియం కౌపరు జ్ఞాపకము వచ్చుచుండును. ఇంగ్లీషు అక్షరములనుబట్టి మనము కౌపరు అందుము గాని, వారి కుటుంబమువారు ఆ పేరును కూపరు అని పలికెడివారు. జెకర్యా గ్రంథము 13వ అధ్యాయములోని ఊటనుగూర్చియు, దేవుని మార్గములు మనకు మర్మమై యుండుటనుగూర్చియు అతడు వ్రాసిన కీర్తనలు లోకమంతట పాడబడుచున్నవి. ఆ కీర్తనలు పాడువారిలో చాలమందికి వాటిని వ్రాసినవాని బాధ తెలియదు.

కౌపరు 1731వ సంవత్సరమున బెర్కామ్‌స్టెడ్ అను ఊరిలో జన్మించెను. తండ్రి ఆ ఊరి సంఘమునకు గురువు. ఏడుగురు బిడ్డలు పుట్టగా ఇద్దరే మిగిలిరి. ఆ ఇద్దరిలో చిన్నవాడైన జాను పుట్టినప్పుడే, 1737లో, తల్లి చనిపోయెను. అప్పటికి విలియంకు ఆరేండ్లైనను సరిగా నిండలేదు. అంతట తండ్రి అతనిని ఒక బోర్డింగు బడికి పంపెను. అక్కడ పెద్దపిల్లవాడొకడు ఇతనిని ఎంతగా హింసించెననగా, కన్నులెత్తి వాని ముఖము చూచుటకు కూడ ఇతనికి ధైర్యము లేకపోయెను. వాని ముఖముకంటె వాని చెప్పుల బకిళ్లే తనకు బాగుగా గుర్తని కౌపరు పెద్దవాడైన తరువాత వ్రాసికొనెను. తల్లి పోయిన బిడ్డను ఇంటినుండి దూరముగా పంపుట మన పల్లెలలోను జరుగుచున్నదే. పెంచలేక పంపుదుము. ఆ బిడ్డ లోపల ఏమి జరుగుచున్నదో అడుగువారు తక్కువ.

తరువాత లండనులోని వెస్ట్‌మినిస్టరు పాఠశాలలో లాటిను, గ్రీకు భాషలు బాగుగా నేర్చెను. న్యాయశాస్త్రము చదివి 1754లో బారిష్టరాయెను గాని ఆ వృత్తిమీద అతనికి మనస్సు లేదు. తన పినతండ్రి కుమార్తె థియోడోరాను ప్రేమించెను. ఆమె తండ్రి ఆ వివాహమునకు ఒప్పుకొనలేదు. ఆమె జీవితాంతము అవివాహితగానే యుండెను.

1763లో బంధువొకడు అతనికి ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగము చూపించెను. మంచి జీతము, తేలికైన పని. అయితే వేరొక పక్షమువారు అడ్డుపెట్టినందున, సభవారి యెదుట నిలువబడి పరీక్ష ఇయ్యవలసివచ్చెను. పదిమంది యెదుట నిలువబడుట అన్నంతనే కౌపరు ప్రాణము క్రుంగిపోయెను. నెలలతరబడి ఆ దినమునుగూర్చిన భయముతో నిద్రలేక, చివరకు ప్రాణము తీసికొనబోయెను. దేవుని కృపవలన అది సాగలేదు. తమ్ముడైన జాను వచ్చి, ఆ సంవత్సరము డిసెంబరులో అతనిని సెయింట్ ఆల్బన్స్ పట్టణములోని డాక్టరు కాటనుగారి యింటికి తీసికొనిపోయెను. ఆ దినములలో లండనులోని బెత్లెహేము ఆసుపత్రిలో మతి చెదిరినవారిని సంకెళ్లు వేసి ఉంచెడివారు. వినోదము చూచుటకు వచ్చిన జనులను కూడ లోనికి విడిచెడివారు. డాక్టరు కాటను అటువంటివాడు కాడు. భక్తిగలవాడు, తానును పద్యములు వ్రాయువాడు. రోగితో కూర్చుండి ఓపికగా మాటలాడెడివాడు. 1764 వేసవిలో ఒక దినమున కౌపరు బైబిలు తెరువగా రోమా పత్రిక 3:25 అతని కంటబడెను. క్రీస్తు రక్తమువలని ప్రాయశ్చిత్తము తనకొరకును జరిగినదని ఆ దినమున అతడు నమ్మెను. ఆ సంతోషము నిజమైనది. తరువాత జరిగినదానినిబట్టి దానిని శంకించువారితో నేను ఏకీభవింపను.

1765లో అక్కడనుండి విడుదలయై హంటింగ్డను అను ఊరికి వచ్చి, అన్విన్ అను గురువుగారి కుటుంబముతో నివసింపసాగెను. రెండేండ్లకు ఆ గురువుగారు గుఱ్ఱముమీదనుండి పడి చనిపోయెను. ఆ వార్త విని పరామర్శకు వచ్చినవాడు జాను న్యూటను. పూర్వము బానిసల ఓడకు కెప్టెనుగా ఉండి, మారుమనస్సు పొంది, ఓల్నీ అను ఊరిలో గురువుగా ఉన్నవాడు. అతని పిలుపునుబట్టి విధవరాలైన మేరీ అన్వినమ్మగారు, కౌపరు ఓల్నీకి చేరిరి. ఆమె కౌపరుకంటె ఏడేండ్లు పెద్దది. అతనికి తల్లివలెను అక్కవలెను ఉండెను.

ఓల్నీ పేదల ఊరు. స్త్రీలు, పిల్లలు లేసు అల్లి బ్రదికెడివారు. మన నరసాపురము ప్రాంతపు స్త్రీలు కొక్కెపు సూదితో అల్లునటువంటిది కాదు. ఒడిలో దిండు పెట్టుకొని దానిమీద కండెలతో అల్లునది. న్యూటను ఇంటి తోటకును కౌపరు ఇంటి తోటకును నడుమ ఒక పండ్లతోట ఉండెను. దాని గుండ నడుచుటకు సంవత్సరమునకు ఒక గినీ నాణెము చెల్లించి దారి పుచ్చుకొని, స్నేహితులిద్దరు ప్రతిదినము కలిసికొనుచుండిరి. న్యూటను మొదట చేసిన మేలు, కౌపరు చేతికి ఒక పనినిచ్చుట. ప్రార్థన కూటములలో ఆ లేసు అల్లు జనులు పాడుకొనుటకు ఇద్దరము కలిసి కీర్తనలు వ్రాయుదమని అతడు చెప్పెను. 1779లో అచ్చైన ఓల్నీ కీర్తనల పుస్తకములోని 348 కీర్తనలలో 60కి పైగా కౌపరువి.

అయితే ఆ పని సగములో నుండగానే దెబ్బ తగిలెను. 1770లో తమ్ముడు జాను చనిపోయెను. 1772లో మేరీ అన్వినమ్మతో వివాహము నిశ్చయమైనది గాని, 1773 జనవరిలో కౌపరు మనస్సు మరల చెదిరిపోయినందున అది జరుగలేదు. ఆ తరువాతి నెలలో ఒక రాత్రి అతనికి కల వచ్చెను. దేవుడు తనను విడిచివేసెననియు, తనకిక నిరీక్షణ లేదనియు ఆ కలలో తీర్పు వినినట్లు అతడు నమ్మెను. ఆ నమ్మకము తరువాత 27 సంవత్సరములు, అనగా చనిపోవువరకు, అతనిని పూర్తిగా విడువలేదు. ప్రార్థించుటకు తనకు హక్కు లేదని తలంచి ప్రార్థన మానెను. గుడికి వెళ్లుట మానెను. ఊటనుగూర్చి పాడిన మనుష్యుడు తాను మాత్రము దానియొద్దకు రాకూడదని తలంచెను.

ఇక్కడ ఒక్క మాట చెప్పవలెను. మితిమీరిన భక్తియే అతనికి మతి పోగొట్టెనని అప్పుడును ఇప్పుడును అనువారున్నారు. న్యూటను బోధలో కాఠిన్యమున్నదని నిందించిరి. నేనట్లు తలంపను. సెయింట్ ఆల్బన్స్‌కు వెళ్లునాటికి న్యూటను ఎవరో కౌపరు ఎరుగడు. భయము అతనిలో చిన్ననాటనుండి ఉన్నది. మన పల్లెలలో ఇంకొక విధముగా అందుము: దయ్యము పట్టినది, లేక విశ్వాసము చాలదు. చేయి విరిగినవానితో నీకు విశ్వాసము చాలదని ఎవరును అనరు. మనస్సు విరిగినవానిని మాత్రము సులభముగా అందుము. ఓల్నీ గురువు అట్లనలేదు. 1773 ఏప్రిలులో కౌపరు ఒక సాయంకాలము న్యూటను ఇంటికి వచ్చి, ఇక తన ఇంటికి వెళ్లలేనని అక్కడనే ఉండిపోయెను. ఏడాదికి పైగా ఉండెను. మేరీ అన్వినమ్మయు వచ్చి అతనికి సేవ చేసెను. గురువుల ఇంటిలో మాటలాడని రోగిని అంతకాలము ఉంచుకొనుట ఎట్టిదో, గురువు భార్యలైన అమ్మగార్లు చెప్పవలెను, మేము కాదు!

ఆ ఇంటిలో అతనికి మాటలు పనికిరాలేదు. తోటపని కొంచెము పనికివచ్చెను. చెట్లకు కొమ్మలు కత్తిరించుట మొదలుపెట్టెను. 1774 వసంతములో ఒక దినమున కోళ్లకు మేత వేయుచుండగా ఏదో చూచి నవ్వెను. పదునారు నెలలలో అదే మొదటి నవ్వని న్యూటను గురుతు పెట్టుకొని స్నేహితునికి వ్రాసెను.

ఆ సంవత్సరమే ఇంటికి తిరిగి వచ్చిన తరువాత, పొరుగింటి పిల్లలు సరిగా పెంచలేక వదలిన ఒక కుందేలు పిల్లను అతడు పుచ్చుకొనెను. ఆ సంగతి ఊరిలో తెలియగానే, అందరును కుందేలు పిల్లలను తీసికొని అతని గుమ్మమునకు వచ్చిరి. మూటిని మాత్రము ఉంచుకొనెను. వాటికి పస్, టైనీ, బెస్ అని ఆడపేర్లు పెట్టెను గాని మూడును మగవే. వాటికి ఇండ్లు కావలెను గదా! బారిష్టరుగారు ఉలి, బాడిస పట్టి వడ్రంగము నేర్చికొనెను. ఒక్కొక్క దానికి వేరు పడకగది గల గూళ్లు చేసెను. పగలు తోటలోను సాయంకాలము ముందుగదిలోను వాటిని విడిచి, వాటి ఆటలు చూచుచుండెను. మూటికి మూడు గుణములని కనిపెట్టెను. టైనీ ఎన్నడును మచ్చికకు రాలేదు. ముట్టబోయిన గుఱ్ఱుమని గోళ్లతో కొట్టును. బెస్ ధైర్యశాలి, చిన్నతనమందే చనిపోయెను. పస్ అతని ఒడిలోనికి గెంతి, అంగీ అంచు నోట పట్టుకొని తోటలోనికి లాగెడిది. ఒకమారు పస్‌కు జబ్బు చేయగా, మూడు దినములు దానిని వేరుగా ఉంచి ఆకులు తినిపించి సాకెను. నయమైన తరువాత అది అతని చేతిని ముందు, వెనుక, వ్రేళ్ల సందులలోను, ఏ భాగమును విడువకుండ నాకెను. తన కృతజ్ఞతను అట్లు తెలుపుకొనెనని అతడు తలంచెను. 1784లో ఈ సంగతులన్నియు ఒక లండను పత్రికకు వ్రాసి పంపెను. కుందేళ్లను వేటకుక్కలచేత పట్టించుట గొప్పవారికి వేడుకగా ఉండిన దేశములో, కుందేలుకు కూడ ఒక మనస్సున్నదని ఇంత శ్రద్ధగా వ్రాసినవారు అరుదు. దేవునిచేత తరుమబడుచున్నానని తలంచినవాడు, తరుమబడు ప్రాణికి తన యింట చోటిచ్చెను.

గూళ్ల తరువాత బల్లలు, పీటలు చేసెను. ఆ చలి దేశములో దోసపాదులు పెరుగవు. గాజు పలకలు బిగించిన పెట్టెలలో ఎరువు వేడిమితో పెంచవలెను. ఆ పెట్టెలు తానే చేసి, గాజులు తానే అమర్చెను. చెట్లు, కొండలు బొమ్మలుగా వ్రాయుటకు పూనుకొని, కన్నులు నొచ్చువరకు వ్రాసి మానెను. ఖాళీగా కూర్చున్నచో చీకటి తలంపులు వచ్చి పడునని అతడు ఎరుగును. అందువలన ఒకటి విసుగు పుట్టగానే మరియొకటి పట్టుకొనెను. ఇవి అన్నియు చిన్నపనులు, ఒకని జీవితమునకు సరిపడునవి కావని అనిపించును. వాటితోనే అతడు ఆరేడు సంవత్సరములు గడిపెను.

1780లో న్యూటను లండనుకు బదిలీయై పోయెను. స్నేహితుడు పోయిన ఆ చలికాలమున మేరీ అన్వినమ్మ ఒక విషయము చెప్పి, దానిమీద దీర్ఘ పద్యము వ్రాయుమని పురికొల్పెను. అతడు వ్రాసెను. తరువాత మరియొకటి, మరియొకటి. 1782లో అతని మొదటి పద్యముల పుస్తకము వెలువడునాటికి అతనికి 50 ఏండ్లు. ఇంత వయస్సు వచ్చిన తరువాతనే తాను ఎందునకు పనికివచ్చునో అతనికి తెలిసినది.

ఆస్టిన్ అను ఒక ప్రభు కుటుంబపు విధవరాలు ఆ కాలమున పొరుగున కాపురముండి వారి యింటికి వచ్చుచుండెను. మాటకారి. 1782లో ఒక సాయంకాలము, కౌపరు ముఖము నల్లబడియుండగా చూచి, తన చిన్ననాట వినిన ఒక కథ చెప్పెను. గిల్పిన్ అను బట్టల వర్తకుడు పెండ్లినాటి పండుగకు ఎరవు గుఱ్ఱమెక్కి బయలుదేరగా, గుఱ్ఱము ఆగక దిగవలసిన ఊరు దాటి పరుగెత్తిన కథ. కౌపరు ఆ రాత్రి నిద్రపోక నవ్వుచు దానిని పద్యముగా కట్టెను. ఇంగ్లండు అంతయు దానిని చదివి నవ్వెను. నిరాశతో ఉన్న వాని నోటనుండి అంత నవ్వు ఎట్లు వచ్చెనని ఆశ్చర్యపడుదుము గాని, పల్లెలో చావు ఇంట కూర్చున్నవారు ఇది ఎరుగుదురు.

మరుసటి ఏడు అదే ఆస్టిన్ దొరసానిగారు అంత్యప్రాస లేని పద్యము వ్రాయుమని అడిగెను. దేనినిగూర్చి అని అతడు అడుగగా, గదిలోని సోఫాను చూపెను. సోఫాతో ప్రారంభించి తోట, చలికాలపు సాయంకాలము, పల్లె త్రోవలు, బీదల కష్టములు, దేవుని సృష్టి అన్నియు అందులోనికి వచ్చెను. అది ఆరు భాగములై సుమారు 5,000 పంక్తులాయెను. ఆమె విధించిన పని గనుక దానికి పని అను అర్థమిచ్చు పేరే పెట్టి 1785లో అచ్చువేయించెను. ఆ గ్రంథముతో దేశములోని గొప్ప కవులలో ఒకడాయెను. 1788లో బానిస వ్యాపారమును మాన్పింప బూనినవారు అడుగగా, బానిసల పక్షముగా పాటలు వ్రాసెను. అదే యేట న్యూటనును తాను ఒకప్పుడు చేసిన ఆ వ్యాపారమునుగూర్చి సాక్ష్యమిచ్చుచు పుస్తకము వ్రాసెను.

మనకు సంబంధించిన ఒక సంగతి చెప్పి ముందుకు పోవుదును. కౌపరు ఓల్నీలో ఉన్న కాలముననే, 1785లో, విలియం కేరీ అను చెప్పులు కుట్టువాడు ఆ ఊరి బాప్తిస్టు సంఘములో చేరెను. ఆ సంఘమే అతనిని బోధకునిగా ఏర్పరచెను. మన తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చైనది ఆ కేరీగారి శ్రీరాంపూరు ముద్రాశాలలోనే.

1786లో దగ్గరనే ఉన్న వెస్టను అను పల్లెకు కాపురము మారిరి. మరుసటి ఏడు మరల ఆరు నెలలు జబ్బుపడెను. లేచిన తరువాత హోమరు మహాకవి గ్రీకు కావ్యములను ఇంగ్లీషు చేయు పనిని మరల చేతబట్టెను. దినమునకు 40 పంక్తులని లెక్క పెట్టుకొని, 1791లో ముగించి అచ్చువేయించెను.

ఈ నడుమ 1790లో నార్ఫోకులోని బంధువొకామె అతనికి ఒక పటము పంపెను. అది అతని తల్లి చిత్రము. 52 ఏండ్లకు మరల ఆమె ముఖము చూచెను. ముద్దుపెట్టుకొని, రాత్రి కడపట చూచునట్లును ఉదయము మొదట చూచునట్లును పడకయొద్ద తగిలించుకొనెను. తరువాత కూర్చుండి ఆమెకు ఒక పద్యము వ్రాసెను. తల్లి శవము ఇల్లు దాటిన దినము, దాసీలు నీ తల్లి తిరిగి వచ్చునని చెప్పి మోసగించుట, తాను దినదినము కనిపెట్టి చివరకు ఊరకుండుట అన్నియు అందులో చెప్పెను. ఆరేండ్ల బిడ్డగా ఎవరితోను చెప్పుకొనలేని దుఃఖమును 58 ఏండ్ల వయస్సున చెప్పుకొనెను. అతని వ్రాతలలో నాకు మిక్కిలి ప్రియమైనది ఇదే. చేతిపని, పద్యము, స్నేహము అతనిని ఇంతవరకు నడిపించి తీసికొనివచ్చెనని తలంతును.

1791 చివరను మేరీ అన్వినమ్మకు పక్షవాతము వచ్చెను. ఆరు నెలలకు మరల వచ్చెను. ఇరువదియైదేండ్లు తనకు సేవ చేసినదానికి ఇప్పుడు అతడు సేవచేసెను. ఆమె సూదులు తుప్పు పట్టుట చూచి ఆమెపై ఒక పద్యము వ్రాసెను. అయితే ఆమె బలముతోనే అతడు నిలిచియుండెను గనుక, 1794కు అతడును కూలెను. మరుసటి ఏడు జాన్సను అను యౌవన బంధువు ఇద్దరిని నార్ఫోకుకు తీసికొనిపోయెను. 1796 డిసెంబరులో ఆమె మరణించెను. ఆమె శవమును చూచి ఒక్కమారు దుఃఖము వెళ్లబోసికొని, తరువాత ఆమె పేరు ఎత్తలేదని చెప్పుదురు.

జాన్సను తెలివిగలవాడు. పని చేయుమని అడిగిన కౌపరు చేయడని ఎరిగి, హోమరు గ్రంథపు సంపుటములను అతడు నడుచు గదిలో తెరిచి ఉంచి, తాను ఏమియు ఎరుగనట్లు ఊరకుండెను. కొన్ని దినములకు కౌపరు వాటియొద్ద నిలిచి చదువసాగెను. తరువాత కలము పట్టెను. తన అనువాదమునంతయు మరల దిద్ది 1799 మార్చిలో ముగించెను. ఆ నెలలోనే తన కడపటి గొప్ప పద్యము వ్రాసెను. ఓడనుండి తుపానులో సముద్రములో పడి మునిగిపోయిన నావికుని కథ అది. ఆ నావికునికంటె లోతైన నీటిలో తానున్నానని చెప్పుచు ముగించెను. ఇది విన్న కొందరికి ఇబ్బందిగా ఉండును. 88వ కీర్తనయు చీకటితోనే ముగియుచున్నది. దానిని మన బైబిలులోనుండి ఎవరును తీసివేయలేదు.

1800 ఏప్రిలు 25న ఈస్టు డెరహాము అను ఊరిలో, 68వ ఏట కౌపరు మరణించెను. దేవుడు తనను చేర్చుకొనునని ఎవరైన చెప్పిన, అట్లనవద్దని కడవరకు వారించెను. అయితే ప్రాణము పోయినది మొదలు పెట్టె మూయువరకు ఆ ముఖమున నెమ్మదియు, ఏదో చూచి ఆశ్చర్యపడినట్టి పవిత్రమైన కాంతియు నిలిచియుండెనని జాన్సను వ్రాసి ఉంచెను. ఓల్నీలో అతడు కుందేళ్లను పెంచిన ఇల్లు 1900వ సంవత్సరమునుండి అతని పేరను, న్యూటను పేరను మ్యూజియముగా ఉన్నది.

ఆ వార్త లండనులో న్యూటనుకు చేరునాటికి అతనికి 74 ఏండ్లు. తన స్నేహితునిగూర్చి సంఘమునకు బోధించుటకు అతడు ఎంచుకొనిన భాగము నిర్గమకాండము 3:2, 3. అగ్నిచేత మండుచుండియు కాలిపోని పొదనుగూర్చిన భాగమది.